ఇంటికి వచ్చిన క్రొత్త కుక్కకు శుచి నేర్పుట

కుక్కను తెచ్చుకొనవలెనను కోరిక సాధారణముగా పిల్లలకు ముందు కలుగును. వారు పది దినములు బతిమాలుదురు. పదునొకండవ దినమున పెద్దలు ఒప్పుకొందురు. జంతు సంరక్షణశాలకో, మిత్రుల ఇంటికో పోయి కుక్కను తెత్తురు. దానికొక పేరు, తినుటకొక పళ్లెము, పండుకొనుటకొక గోనెపట్ట, మెడకొక పట్టెడ సమకూరును. అంతవరకు అందరికిని సంతోషమే. మరునాడు తెల్లవారునప్పటికి ముందుగదిలో గచ్చుమీద మూత్రపు మడుగు కనబడును. మూడవనాడు మంచపుకోడు తడియును. వారము తిరుగకముందే అది తులసికోట దగ్గర కాలెత్తినదని నాయనమ్మగారు ఆ పూట భోజనము మానుకొందురు. “ఈ జంతువు మన యింటికి తగదు” అను మాట అప్పుడు పుట్టును.

ఈ మాట చిన్నదిగా తోచవచ్చును గాని, దానిపై ఒక ప్రాణియొక్క జీవితము ఆధారపడియున్నది. ఒకసారి తిరిగి పంపబడిన పెద్ద కుక్కకు మరియొక ఇల్లు దొరకుట సులభము కాదు. కొందరు తిరిగి అప్పగించు శ్రమయైనను పడక, తెలియని వీధిలో దానిని విడిచి వత్తురు. ఇంటి అన్నమునకు అలవాటుపడిన ఆ కుక్క, అక్కడి కుక్కలకు పరాయిదై, ఆకలికో వాహనముల రాకపోకలకో బలియగును. తగిన కారణము లేక, ఆకలిదప్పులకు లోనగునట్లు జంతువును విడిచివేయుట 1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము క్రింద నేరము. చట్టము మాట అటుండగా, అట్లు విడువవలసిన అవసరమే చాలవరకు లేదని చెప్పుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము. ఇంటిలో మూత్రము విడుచుట కుక్కయొక్క దుర్గుణము కాదు. దానికి కొన్ని కారణములు కలవు. కారణము తెలిసినచో ఉపాయము దొరకును.

మొదట కుక్క స్వభావమును కొంచెము తెలిసికొందము. కుక్కపిల్ల పుట్టిన తరువాత సుమారు మూడు వారములవరకు తనంతట తాను మూత్రము విడువలేదు. తల్లి నాకినప్పుడే విడుచును. తల్లియే దానిని శుభ్రపరచును. కాళ్లు నిలద్రొక్కుకొనగనే పిల్లలు పండుకొను చోటు విడిచి, కొంత దూరము పోయి ఆ పని చేయ మొదలిడును. రెండు నెలల వయస్సు దాటునప్పటికి, ఏ నేలమీద ఆ పనికి అలవాటుపడెనో ఆ నేలనే వెదకుకొనును. మట్టికి అలవాటుపడినది మట్టిని, గడ్డికి అలవాటుపడినది గడ్డిని, సిమెంటుకు అలవాటుపడినది సిమెంటును కోరును. కావున పడకను మలినము చేయరాదను బుద్ధి కుక్కకు పుట్టుకతోనే ఉన్నది. మనము దానికి నేర్పవలసినది ఒక్కటే: ఈ గోడల నడుమనున్న చోటంతయు పడకవంటిదే యని.

ఈ సంగతి దానికి తనంతట తెలియదు. వీధిలో పెరిగిన కుక్కకు లోపల, వెలుపల అను భేదము లేదు. దానికి ఆకాశమే కప్పు. సంరక్షణశాలలో సిమెంటు గదియందు నెలల తరబడి ఉన్న కుక్క, మన యింటి నాపరాతి గచ్చును చూచి, ఇదియు అట్టి చోటే యనుకొనుట సహజము. మరియొక ఇంటిలో శుచిగా మెలగిన కుక్కకైనను క్రొత్త ఇంటి తలుపు ఏది, ఎవరి నడిగిన తలుపు తీయుదురు అను సంగతులు తెలియవు. దీనికి తోడు బెదురు. క్రొత్త మనుష్యులు, క్రొత్త వాసనలు, కుక్కరు ఈల, పంకా చప్పుడు, ఇవన్నియు తొలి దినములలో దానిని కలవరపెట్టును. బెదరిన ప్రాణికి బిగపట్టు శక్తి తగ్గును. అందుచేత మొదటి రెండు మూడు వారములలో జరుగు పొరపాట్లను బట్టి కుక్క గుణమును నిర్ణయింపరాదు.

ఇక కారణములు. వీనిని ఐదు విధములుగా విభజింపవచ్చును. మొదటిది, అలవాటు లేకపోవుట, లేదా వెలుపలికి పోవు అవకాశము చాలినంత లభింపకపోవుట. రెండవది, తన చోటని గుర్తు పెట్టుకొనుట. మూడవది, భయముచేతను వినయముచేతను విడుచుట. నాలుగవది, పట్టరాని సంతోషము. ఐదవది, వ్యాధి. మడుగును చూచియే చాలవరకు కారణమును పోల్చుకొనవచ్చును. గచ్చు నడుమ పెద్ద మడుగున్నచో అది ఆపుకొనలేక విడిచినది. గోడ అంచున, మంచపుకోటికి, తలుపు చెక్కకు కొద్దిపాటి తడియున్నచో అది గుర్తు. మనము వంగి తాకబోయినప్పుడు, తోక ముడిచి, చెవులు వెనుకకు వంచి, నేలకు అణగి విడిచినచో అది భయము. సాయంకాలము ఇంటికి రాగానే ఎగురుచు, దొర్లుచు విడిచినచో అది సంతోషము. అది పండుకొన్న చోటనే తడియున్నను, మూత్రమునకు మాటిమాటికి కూర్చుండుచున్నను వ్యాధిని శంకింపవలెను.

వ్యాధి సంగతి ముందు తేల్చుకొనుట మేలు. రోగమున్న కుక్కకు ఎంత శిక్షణ ఇచ్చినను వ్యర్థమే. మూత్రాశయమున సూక్ష్మక్రిములు చేరినను, రాళ్లు ఏర్పడినను కొంచెము కొంచెముగా పలుమార్లు విడుచును. ఒక్కొక్కప్పుడు రక్తపు జీర కనబడును. మధుమేహము, మూత్రపిండముల జబ్బు ఉన్న కుక్క విపరీతముగా నీరు త్రాగి, అంతకు తగినట్లు విడుచును. దురద తగ్గుటకిచ్చు స్టెరాయిడు మందులును ఈ పనియే చేయును. సంతానము కలుగకుండ శస్త్రచికిత్స జరిగిన ఆడుకుక్కలలో కొన్నింటికి నిద్రలో తెలియకుండ కారును. దీనికి మంచి మందులున్నవి. కుక్క త్రాగు నీటిని ఒక దినము కొలిచి చూచుట ఎవరికైనను సాధ్యము. ఆరోగ్యముగల కుక్క సాధారణముగా కిలో బరువునకు దినమునకు 50, 60 మిల్లీలీటర్లు త్రాగును. ఎండకాలమున కొంత హెచ్చును. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటినచో, అనగా 15 కిలోల కుక్క లీటరున్నరకు మించి త్రాగుచున్నచో, పశువైద్యునకు చూపవలెను. పోవునప్పుడు ఉదయపు మూత్రమును శుభ్రమైన పాతగరిటెలో పట్టి, చిన్న సీసాలో పోసి తీసికొని పోయినచో పరీక్షకు ఉపకరించును. మగకుక్క ఎంత ముక్కినను చుక్కయైన రానిచో క్షణము ఆలస్యము చేయరాదు, అది ప్రాణాపాయము. మరియొక హెచ్చరిక: మూత్రము తగ్గునను తలంపుతో నీళ్లపళ్లెము తీసివేయుట తగదు. దానివలన వ్యాధి ముదురునే కాని అలవాటు రాదు.

వ్యాధి లేదని తేలిన పిమ్మట శిక్షణ. దీనికి మూలము గడియారము. తెల్లవారి లేచిన వెంటనే, తిన్న తరువాత పదునైదు ఇరువది నిమిషములకు, ఆట ముగియగనే, పగటి నిద్రనుండి లేవగనే, రాత్రి పండుకొనుటకు ముందు, ఈ ఐదు వేళలను తప్పక వెలుపలికి తీసికొని పోవలెను. పెద్ద కుక్కనైనను మొదటి పక్షము దినములు పగటివేళ రెండు మూడు గంటలకొకసారి తీసికొని పోవుట మంచిది. పిల్లకుక్క విషయమున ఒక స్థూలమైన లెక్క కలదు: దాని వయస్సు ఎన్ని నెలలో దానికి ఒకటి కూడినచో వచ్చునన్ని గంటలకు మించి అది ఆపుకొనలేదు. మూడు నెలల పిల్లకు నాలుగు గంటలు హద్దు. మేలుకొని ఆడుచున్నప్పుడు అంతసేపైనను ఆగదు. ఆహారము నియమిత వేళలలో పెట్టినచో విసర్జనయు నియమితముగ నుండును; పళ్లెము దినమంతయు నింపియుంచినచో ఏ లెక్కయు నిలువదు.

తీసికొని పోవునప్పుడు మెడపట్టెడకు త్రాడు కట్టి, ప్రతిమారు ఒకే చోటికి తీసికొని పోవలెను. పెరడైనను త్రాడు విడువరాదు. క్రొత్త కుక్క గోడ దూకి పారిపోవచ్చును. అక్కడ కదలక నిలిచి, అది వాసన చూచుకొనుటకు ఐదు నిమిషములు వ్యవధి ఇయ్యవలెను. అది విడుచుచున్నప్పుడు మెల్లగా ఒక మాట పలుకవలెను. ఆ మాట ఏదైనను సరియే, కాని ఇంటిలో అందరును అదే పలుకవలెను. తండ్రి ఒకటి, పిల్లలు ఒకటి, వంటమనిషి ఒకటి పలికినచో కుక్కకేమియు బోధపడదు. పని ముగిసిన క్షణముననే, ఒకటి రెండు సెకండ్లలో, అక్కడనే మెచ్చుకొని చిన్న తినుబండారము పెట్టవలెను. ఉడికించిన గ్రుడ్డు ముక్క, చపాతీ తునక, ఉడికిన కోడిమాంసపు పీలిక, ఏదైనను గోటియంత చాలును. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష, చాకొలెట్టు, ఉల్లి కుక్కకు విషతుల్యములు, వానిని పెట్టరాదు. ఇంటిలోనికి వచ్చిన తరువాత పెట్టిన బహుమానము ఇంటిలోనికి వచ్చినందుకే యని కుక్క గ్రహించును. మరియు పని కాగానే లోపలికి ఈడ్చుకొని రారాదు. అట్లు చేసినచో, విడిచిన వెంటనే షికారు ముగియునని తెలిసికొని, అది షికారు పొడిగించుటకై బిగపట్ట నేర్చుకొనును. పని కాగానే మరి నాలుగడుగులు నడిపించుటయే దానికి గొప్ప బహుమానము.

తక్కిన వేళలలో కుక్క మన కంటియెదుట నుండవలెను. గృహిణి వంట చేయుచున్నప్పుడు వంటయింటి గుమ్మము దగ్గర కట్టివేయవచ్చును. చదువుకొను పిల్లవాని కుర్చీకి త్రాడు తగిలింపవచ్చును. చూచువారు లేనప్పుడు దాని పడకయున్న చిన్నగదిలో ఉంచవలెను. పడకను మలినము చేయరాదను సహజబుద్ధి అచ్చట తోడ్పడును. ఐనను గంటల తరబడి బంధించినచో ఆ బుద్ధియే నశించును. ఆట నడుమ చటుక్కున ఆగి నేలను వాసన చూచుట, గుండ్రముగా తిరుగుట, తలుపు వైపు పోయి వెనుకకు చూచుట, ఇవి ముందు సూచనలు. ఇవి కనబడినచో చేతిలోని పని విడిచి లేవవలెను. వేళలను, పొరపాట్లను గోడనున్న క్యాలెండరుపై గుర్తించుచుండిన, వారము దినములలో దాని నియమము మనకు తెలిసిపోవును. రెండు వారములు పొరపాటు లేకుండ గడచినచో మరియొక గదికి స్వేచ్ఛ ఇయ్యవచ్చును. ఇట్లు గది వెంట గదిగా ఇల్లంతయు దానిదగును.

ఇంతచేసినను పొరపాటు జరుగును. కంటియెదుట జరిగినచో, కేకలు వేయక, చప్పట్లు కొట్టి దాని దృష్టి మరల్చి, వెంటనే వెలుపలికి తీసికొని పోవలెను. మిగిలినది అక్కడ విడిచినచో మెచ్చుకొనవలెను. మనము చూడనప్పుడు జరిగినచో చేయవలసినది శుభ్రపరచుట ఒక్కటే. మూతిని మడుగులో రాచుట, కొట్టుట మన దేశమున ఇంకను కొన్ని ఇండ్లలో జరుగుచున్నది. “అది తప్పు చేసితినని తెలిసియే తల దించుకొన్నది” అని వారి వాదము. ఈ వాదమును 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్స్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు పరీక్షించిరి. తినవద్దన్న పదార్థమును తినిన కుక్కలును, తినని కుక్కలును యజమానులు గద్దించినప్పుడు ఎక్కువగా తల దించుకొనెను. తప్పు చేసినదా లేదా అను దానికి ఆ చూపుతో సంబంధము కానరాలేదు. తల దించుకొనుట మన కోపమును చూచి కలిగిన భయమే కాని పశ్చాత్తాపము కాదు.

మన భారతమునందు ఆదిపర్వములోనే ఈ నీతి కలదు. సరమ యను దేవశునకము కుమారుడు జనమేజయుని యాగశాలకు ఆడుకొనబోయెను. అది ఏ యపరాధమును చేయకున్నను రాజు తమ్ములు కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి యొద్దకు పోగా, సరమ వచ్చి నిరపరాధిని ఏల కొట్టితిరని రాజును నిలదీసి, ఊహింపని భయము కలుగునని శపించెను. మన యింటి కుక్క శపింపలేదు. కాని ఫలము వేరు విధముగా కనబడును. కొట్టబడిన కుక్క మూత్రము విడుచుట తప్పని నేర్చుకొనదు; మన యెదుట విడుచుట అపాయమని మాత్రము నేర్చుకొనును. వెలుపల గంటసేపు త్రిప్పినను మన ముందు విడువదు. ఇంటికి రాగానే బీరువా చాటునకు పోయి విడుచును. అప్పుడు మనము “ఇది పగబట్టినది” అందుము.

శుభ్రపరచుటయు శిక్షణలో భాగమే. కుక్క ముక్కు మన ముక్కు కంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైనది. మనకు వాసన పోయినచోట దానికింకను వాసన ఉండును. ఆ వాసన “ఇదియే ఆ చోటు” అని పిలుచును. మొదట పాతగుడ్డతో అద్ది తడి తీసివేయవలెను, రుద్దినచో వ్యాపించును. తరువాత నీటితో కడిగి ఎంజైములు గల ద్రవమును పోసి, సీసాపై వ్రాసినంతసేపు ఉంచి తుడువవలెను. వాసనకు మూలమైన పదార్థములను ఎంజైములు విడగొట్టును. ఇట్టివి పెంపుడు జంతువుల సామగ్రి అమ్ము దుకాణములలో దొరకును. ఫినాయిలు వాసనను మనకు కప్పిపుచ్చును గాని కుక్కకు కప్పలేదు. పైగా తడి నేలను నాకిన దానికి హాని. అమోనియా గల ద్రవములు పనికిరావు. మూత్రమందును అమోనియా వాసన ఉన్నందున అవి మరల పిలిచినట్లే యగును. మూత్రముపై బ్లీచింగు పొడి చల్లరాదు. రెండును కలిసి ఊపిరితిత్తులకు చెరుపు చేయు వాయువు పుట్టును. నాపరాళ్ల సందులు, సిమెంటు పగుళ్లు, పరుపు లోపలి దూది, ఇవి వాసనను దాచును. వీనికి రెండు మూడు మార్లు పోయవలెను. శుభ్రపరచువారు చేతితొడుగులు వేసికొని, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఎలుకజ్వరమని పిలువబడు లెప్టోస్పైరోసిస్ వ్యాధి కుక్క మూత్రము వలనను మనుష్యులకు సోకవచ్చును. దీనికి కుక్కలకు టీకా ఉన్నది.

గుర్తు పెట్టు అలవాటు వేరు. ఇది మగకుక్కలలో మిక్కుటము, ఆడుకుక్కలలోను కలదు. ఇంటికి క్రొత్త కుక్క గాని, క్రొత్త సామాను గాని వచ్చినప్పుడు హెచ్చును. సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించినచో అనేక కుక్కలలో తగ్గును. అన్నింటిలోను పూర్తిగా పోవునని చెప్పజాలము. గుర్తు పెట్టిన మూలను ఎంజైములతో కడిగి, కొన్ని దినములు అక్కడనే దానికి అన్నము పెట్టినచో, తిను చోటును మలినము చేయుట కుక్కకు ఇష్టము లేనందున మానుకొనవచ్చును. తులసికోట దగ్గర ఈ ఉపాయము కుదరదు. అచ్చట నడుమెత్తు తడిక కట్టి, అలవాటు కుదురువరకు కుక్కను త్రాటితోనే పెరటిలో త్రిప్పవలెను. పూజగదికి తలుపు వేసియుంచవలెను. పెద్దల ఆచారము చెడకుండ, కుక్క ఇల్లు పోకుండ చూచుటకు ఈ తడిక ఖర్చు ఎక్కువ కాదు.

భయముచేత విడుచు కుక్కను గద్దించుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. దాని మీదికి వంగక, కన్నులలోనికి తేరి చూడక, ప్రక్కకు తిరిగి కూర్చుండి, అదియే దగ్గరకు వచ్చువరకు వేచియుండవలెను. తలమీద గాక గదమక్రింద నిమురవలెను. సంతోషముచేత విడుచు కుక్కను ఇంటికి రాగానే పలుకరింపక, అది శాంతించిన తరువాత, వీలైనచో వెలుపలనే పలుకరింపవలెను. పిల్లకుక్కలలో ఈ రెండు లక్షణములును వయస్సుతోపాటు చాలవరకు తగ్గిపోవును.

పట్టణములలో మూడవ, నాలుగవ అంతస్తున నివసించువారికి లిఫ్టు వచ్చునంతలోనే ఆలస్యమగుట కలదు. అట్టివారు బాల్కనీలో వెడల్పైన పళ్లెరమున మట్టియో గడ్డితునకలో పరచి ఉంచవచ్చును. వీధిలో పెరిగిన కుక్క మట్టిని వెంటనే గుర్తించును. వానకాలమున తడియుటకు ఇష్టపడని కుక్కను గొడుగు పట్టియైనను చూరు క్రిందికి తీసికొని పోవలెను. వేసవి మధ్యాహ్నమున రోడ్డు పాదములను కాల్చును, నీడపట్టు చూచుకొనవలెను. దీపావళినాడు చీకటి పడకముందే షికారు ముగింపవలెను. బాణసంచా చప్పుడునకు శుచిగల కుక్కయైనను ఇంటిలో విడుచును. అది ఆ రాత్రికే పరిమితమని ఎరిగి ఊరకుండవలెను.

ఎన్ని దినములు పట్టునని అడుగుదురు. కొన్ని కుక్కలు పది దినములలో నేర్చును. కొన్నింటికి మూడు నాలుగు నెలలు పట్టును. నడుమ ఒకటి రెండుమార్లు వెనుకకు పోవుటయు సహజమే. అప్పుడు విసుగుకొనక, మొదటి వారపు గడియారమునకు మరల పోవలెను. కుక్కతోక వంకర తీర్చుట ఎవరితరమని మనవారందురు. తోక మాట ఎట్లున్నను, అలవాటు మారుననుటకు వీధినుండి వచ్చి శుచిగా మెలగుచున్న కుక్కలు మన యూళ్లలో ఎన్నియో సాక్ష్యము. క్రొత్తగా కుక్కను తెచ్చుకొనదలచినవారు, దానిని తెచ్చుటకు ముందే, తెల్లవారుజామున ఎవరు లేతురు, మధ్యాహ్నము ఎవరు తీసికొని పోవుదురు, రాత్రి ఎవరు చూతురు అను మూడు పేర్లు కాగితముపై వ్రాసికొందురుగాక. ఆ మూడు పేర్లు వ్రాయగలిగిన ఇంటిలో కుక్క తప్పక నిలుచును.